డార్క్‌లింగ్: చీకట్లో ఉన్నది ఎవరు?

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా తగ్గకముందే ఇంతమంది వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడతాను. లండన్ వీధుల్లో వారం రోజులు తిరిగినా ఆ మాట మీ చెవిన పడదు. పేపర్లో రాదు, టీవీలో రాదు. కానీ ఎమ్మే ఇంగ్లీషు చదివినవాళ్ళను అడగండి, రెండు మూడు పద్యాల్లో దాన్ని చూసే ఉంటారు. ఆ మాట డార్క్‌లింగ్.

చూడగానే అర్థమైపోయినట్టు అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. డార్క్ అంటే చీకటి అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకని డార్క్‌లింగ్ అంటే చీకటిగా ఉన్నదనో నల్లగా ఉన్నదనో అనుకుని ముందుకు వెళ్ళిపోతాం. నేనూ అలాగే వెళ్ళిపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో థామస్ హార్డీ పద్యం పాఠం చెబుతూ, దాని పేరులోని ఈ మాటకి 'చీకటి రంగు గల' అని పిల్లల చేత నోట్సు రాయించాను. మూడు నాలుగేళ్ళ తర్వాత వేరే ఏదో మాట కోసం పెద్ద నిఘంటువు తిరగేస్తుంటే ఇది కంటపడింది. ఆ పేజీ దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. ఏటా పాఠం చెబుతున్న ఆ పద్యాన్ని నేను అసలు చదవనే లేదని అప్పుడు తెలిసింది.

నిఘంటువులో ఏముందంటే, అది క్రియావిశేషణం. అర్థం 'చీకట్లో'. చీకట్లో ఉండి ఒక పని చేయడం. చీకట్లో నడవడం, చీకట్లో పాడటం, చీకట్లో మిగిలిపోవడం. అంటే ఆ మాట ఎక్కడ కనిపించినా మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: చీకట్లో ఉన్నది ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని మూడు వందల ఏళ్ళ ఇంగ్లీషు కవిత్వంలో నడిచి వెళ్ళొచ్చు. నాకు తెలిసినంత మేరకు ఇవాళ మిమ్మల్ని నడిపిస్తాను.

ముందు మాట పుట్టుక. 15వ శతాబ్దం నుంచి ఇది ఇంగ్లీషులో ఉంది. డార్క్‌కి లింగ్ అనే తోక తగిలించారు. ఇంగ్లీషులో లింగ్ తోకలు రెండున్నాయి, దేని దారి దానిది. ఒకటి పేర్లు పుట్టించేది. బాతు డక్ అయితే బాతుపిల్ల డక్లింగ్. మన సినిమాల్లో వినీ వినీ ఇంటి మాటైపోయిన డార్లింగ్ కూడా ఆ కోవదే, డియర్‌కి లింగ్ చేరింది. డార్క్‌లింగ్‌లో ఉన్నది ఆ తోక కాదు. ఇది రెండోది, చాలాకాలం కిందటే వాడుక తప్పిపోయింది. ఒక పని ఏ వాటంలో, ఏ స్థితిలో జరిగిందో చెప్పడానికి పాతకాలం ఇంగ్లీషువాళ్ళు దీన్ని వాడేవారు. తల ముందుపెట్టి దూకితే హెడ్‌లింగ్, అదే ఇప్పుడు హెడ్‌లాంగ్ అయింది. పక్కవాటుగా జరిగితే సైడ్‌లింగ్, అది సైడ్‌లాంగ్ అయింది. నేలకి బోర్లా పడితే గ్రొవెలింగ్.

మనకి ఈ పద్ధతి పరాయిది కాదు. బోర్లా, వెల్లకిలా, ఓరగా, ఏటవాలుగా, తలకిందులుగా అని రోజూ అంటూనే ఉంటాం. 'వాడు బోర్లా పడుకున్నాడు' అంటే బోర్లా అన్నది మంచం గుణం కాదు, దుప్పటి రంగూ కాదు. ఆ మనిషి పడుకున్న తీరు. డార్క్‌లింగ్‌ను తీసుకెళ్ళి ఈ వరసలో కూర్చోబెట్టండి, సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ భాషలో ఒక విచిత్రం జరిగింది. గ్రొవెలింగ్ చివర ఉన్న ఇంగ్‌ని చూసి, ఇదీ రన్నింగ్, స్లీపింగ్ లాంటిదే అనుకున్నారు జనం. అనుకుని ఆ ఇంగ్ తీసేశారు. గ్రొవెల్ అనే కొత్త క్రియ పుట్టింది. ఇవాళ ఒకరి కాళ్ళ మీద పడి బతిమాలుకోవడానికి ఇంగ్లీషులో ఉన్న మాట అదే. సైడ్‌లింగ్ నుంచి సైడిల్ అలాగే వచ్చింది. డార్క్‌లింగ్ నుంచి డార్కిల్ అనే క్రియ 19వ శతాబ్దం మొదట్లో అలాగే వచ్చింది. అంటే పిల్ల ముందు పుట్టి, తర్వాత తల్లి పుట్టిందన్నమాట.

ఈ సంగతి తెలిస్తే శామ్యూల్ జాన్సన్ మీద గౌరవం పెరుగుతుంది. ఆయన 1755లో ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. లండన్ గఫ్ స్క్వేర్‌లోని ఇంటి అటకగదిలో, అరడజను మంది రాతగాళ్ళను పక్కన పెట్టుకుని, 40 వేలకు పైగా మాటలకి అర్థాలు రాశాడు. డార్క్‌లింగ్ దగ్గరికి వచ్చి ఆగాడు. ఇది డార్కిల్ అనే క్రియలోంచి వచ్చినట్టుంది, కానీ ఆ క్రియ నాకెక్కడా దొరకలేదు అని రాశాడు. ఎలా దొరుకుతుంది? అప్పటికి అది పుట్టలేదు. చూసినంతే చెప్పి, చూడనిదాన్ని చూడలేదని ఒప్పుకున్నాడు. తర్వాత 'చీకట్లో ఉన్న, వెలుతురు లేకుండా ఉన్న' అని అర్థమిచ్చి, కేవలం కవిత్వంలో వాడే మాట అని చేర్చాడు.

ఆ కవిత్వంలో వాడినవాళ్ళలో తనూ ఒకడు. ఆరేళ్ళ ముందు, 1749లో, మనిషి కోరికలు ఎంత వ్యర్థమో చెబుతూ ఒక పెద్ద పద్యం రాశాడు. దాని చివరిలో ఒక ప్రశ్న వేస్తాడు. నిస్సహాయుడైన మనిషి ఏమీ తెలియకుండానే, తన విధి అనే వరదలో డార్క్‌లింగ్ దొర్లుకుంటూ పోవలసిందేనా అని. గోదావరి వరదని రాత్రిపూట గట్టు మీద నిలబడి చూసినవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. నీళ్ళు కనిపించవు. హోరు వినిపిస్తుంది. మధ్యలో ఏదో దుంగ గట్టుకి కొట్టుకున్న చప్పుడు వస్తుంది. అది దుంగో పశువో తెలియదు. జాన్సన్ చెబుతున్న మనిషి ఆ నీళ్ళ లోపల ఉన్నాడు. వరద ఎటు పోతుందో వాడికి కనిపించదు, తను దేనికి కొట్టుకుంటాడో కనిపించదు. చీకట్లో ఉన్నది ఇక్కడ మనుషులందరూ.

ఇప్పుడు వెనక్కి, షేక్‌స్పియర్ దగ్గరికి వెళదాం. 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో హెలెనా అనే అమ్మాయి, తనను వద్దన్న డిమిట్రియస్ వెంట రాత్రిపూట అడవిలో పరుగెత్తుతుంది. వాడు విదిలించుకుని పోతుంటే ఆమె అంటుంది: 'నన్ను డార్క్‌లింగ్ వదిలేసి పోతావా? అలా చేయకు.' గొప్ప అలంకారమేమీ లేదు. చీకట్లో ఒంటరిగా వదిలేయకు అనే బతిమాలుకోలు. మన ఊళ్ళో ఏ ఆడపిల్లైనా అనే మాటే.

'కింగ్ లియర్'లో వాడిన తీరు వేరు. దాని దగ్గర కాసేపు ఆగాలి. ముసలి రాజు లియర్ రాజ్యాన్ని ఇద్దరు కూతుళ్ళకి పంచి ఇచ్చేశాడు. ప్రేమించిన మూడో కూతుర్ని వెళ్ళగొట్టాడు. ఇప్పుడు పెద్ద కూతురు గానెరిల్ ఇంట్లో ఉంటున్నాడు. ఆమె వచ్చి, మీ వెంట ఉన్న వంద మంది సైనికులు అల్లరి చేస్తున్నారు, ఇలా కుదరదు అని తండ్రిని అందరి ముందూ గద్దిస్తుంది. పక్కన విదూషకుడు ఉన్నాడు. వాడు రెండు ముక్కల పాట పాడతాడు. పిచ్చుక పాపం కోయిల పిల్లని మేపీ మేపీ, చివరికి ఆ పిల్ల చేతిలోనే తల కొరికించుకుంది అని. కాకి గూట్లో కోయిల గుడ్డు సంగతి మనకు తెలిసిందే, అక్కడ కాకి బదులు పిచ్చుక. ఆ వెంటనే వాడు ఒక వాక్యం అంటాడు: 'అలా కొవ్వొత్తి ఆరిపోయింది, మేం డార్క్‌లింగ్ మిగిలిపోయాం.'

ఆ వాక్యానికి ముందు వాక్యంతో పైకి ఏ సంబంధమూ లేదు. పిచ్చుక ఎక్కడ, కొవ్వొత్తి ఎక్కడ? కానీ హాల్లో కూర్చుని వినేవాడి ఒళ్ళు జలదరిస్తుంది. చూడండి, వాడు 'రాజు చీకట్లో మిగిలాడు' అనలేదు. 'మేం' అన్నాడు. చీకట్లో ఉన్నది రాజు, విదూషకుడు, రాజ్యం, ఇంటింటి ముసలి తండ్రులు. ఇంతా జరిగింది నాటకం మొదటి అంకంలోనే. గాలివాన ఇంకా రాలేదు, గ్లాస్టర్ అనే ముసలి ప్రభువు కళ్ళు ఇంకా పీకలేదు. రాబోయే చీకటినంతా ఆ చిన్నమాట ముందే చెప్పేసింది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆస్తి పంచాక వాళ్ళ మంచం వరండాలోకి మారడం నేను చూశాను. ఆ వాక్యం చదివినప్పుడల్లా ఆ మంచం గుర్తొస్తుంది నాకు.

షేక్‌స్పియర్ 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా'లో కూడా ఈ మాట వాడాడు. చావు బతుకుల్లో ఉన్న ఆంటొనీని మోసుకొస్తుంటే, సూర్యుడు తను తిరిగే గోళాన్నే కాల్చేయాలి, ప్రపంచపు తీరం డార్క్‌లింగ్ నిలబడిపోవాలి అంటుంది క్లియోపాత్రా. ప్రియుడు పోతే లోకానికే దీపం ఆర్పేయమంటోంది.

అక్కడి నుంచి జాన్ మిల్టన్. ఈ మాటకి ప్రాణం పోసినవాడు ఆయనే అని నేను నమ్ముతాను. 1652 నాటికి మిల్టన్‌కి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. అప్పటికాయన వయసు 43. పోయాకే 'పారడైజ్ లాస్ట్' మహాకావ్యం పూర్తి చేశాడు, 1667లో అచ్చయింది. మధ్యలో 1660లో రాచరికం తిరిగి వచ్చింది. అంతకుముందు రాజు తల నరకడాన్ని సమర్థించి రాసినవాడు కనుక ఆయన ప్రాణానికే ముప్పు వచ్చింది. ఆ చీకట్లో, ఆ భయంలో కావ్యం ఎలా నడిచింది? రాత్రిళ్ళు పంక్తులు మనసులో కట్టుకునేవాడు. తెల్లారాక ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటే చెప్పి రాయించేవాడు. రాసేవాళ్ళు ఆలస్యంగా వస్తే, నన్ను పాలు పితకాలి అని గొణుక్కునేవాడని ఆయన తొలి జీవితకథల్లో ఉంది. పొదుగు నిండిన ఆవుకి వేళ దాటితే ఎంత బాధో మనకు తెలుసు.

ఆ కావ్యం మూడో కాండ మొదట్లో ఆయన వెలుగుకి నమస్కారం పెడతాడు. కళ్ళు లేనివాడు వెలుగుని స్తుతిస్తున్నాడు. ఏడాది తిరిగితే ఋతువులు తిరిగి వస్తాయి, నాకు మాత్రం పగలు తిరిగి రాదు అంటాడు. దానికి కాస్త ముందు, తన పద్యం తనలో ఎలా కదులుతుందో చెబుతూ ఒక పోలిక తెస్తాడు: మేలుకుని ఉన్న పక్షి డార్క్‌లింగ్ పాడినట్టు, దట్టమైన నీడలో దాక్కుని తన రాత్రి పాటని సవరించుకున్నట్టు. ఆ పక్షి నైటింగేల్.

ఇంతకు ముందు ఈ మాట ఉన్న ప్రతిచోటా భయం ఉంది. వదిలేయొద్దు, దీపం ఆరిపోయింది, అదీ దాని స్వరం. మిల్టన్ చేతిలో మొదటిసారి చీకట్లో ఉన్నవాడు పని చేస్తున్నాడు. పాడుతున్నాడు. చీకటి వల్ల పాట ఆగలేదు. పక్షి చీకట్లో ఉంది, కవి చీకట్లో ఉన్నాడు, ఒకే మాట ఇద్దరినీ ఒక కొమ్మ మీద కూర్చోబెట్టింది. 'పాడుతుంది డార్క్‌లింగ్' అన్నది ఆ భాషలో రెండే మాటలు. ఆ రెండు మాటల వెనక కళ్ళు పోయిన మనిషి రాత్రులెన్నో ఉన్నాయి.

ఇక 1819 మే నెల. లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో జాన్ కీట్స్ తన స్నేహితుడు చార్లెస్ బ్రౌన్ ఇంట్లో ఉంటున్నాడు. కీట్స్‌కి 23 ఏళ్ళు. అంతకు ముందు డిసెంబర్లో తమ్ముడు టామ్ క్షయతో చనిపోయాడు. దగ్గరుండి సేవ చేసింది ఈ అన్నే. కీట్స్ వైద్యం చదివినవాడు, లండన్ గైస్ ఆస్పత్రిలో పనిచేసినవాడు. ఆ దగ్గు ఎటు తీసుకెళుతుందో పుస్తకంలో చదవక్కర్లేదు. ఆ వసంతంలో ఇంటి దగ్గర ఒక నైటింగేల్ గూడు కట్టింది. ఒక పొద్దున్న కీట్స్ కుర్చీ తీసుకెళ్ళి తోటలో ప్లమ్ అనే పళ్ళ చెట్టు కింద వేసుకుని రెండు మూడు గంటలు కూర్చున్నాడనీ, లోపలికి వచ్చినప్పుడు చేతిలో కొన్ని కాగితం ముక్కలున్నాయనీ బ్రౌన్ తర్వాత రాశాడు.

ఆ కాగితాల మీద ఉన్నది నైటింగేల్ మీద గీతం. రాసింది పొద్దున్న అయినా, పద్యంలో రాత్రి. నా కాళ్ళ దగ్గర ఏ పువ్వులున్నాయో కనిపించడం లేదు అంటాడు, వాసనని బట్టి ఒక్కో పువ్వునీ పోల్చుకుంటాడు. ఆ తర్వాతి చరణం ఈ మాటతోనే మొదలవుతుంది: డార్క్‌లింగ్ ఐ లిజన్. ఆ వెంటనే, ఎన్నోసార్లు నేను మృత్యువుని సగం ప్రేమించాను అంటాడు.

కీట్స్ మిల్టన్‌ని ఎలా చదివాడో తెలుసా? ఆయన చదివిన 'పారడైజ్ లాస్ట్' ప్రతి ఇప్పటికీ ఉంది, గీతలూ అంచుల్లో వ్యాఖ్యలూ నిండిపోయి. మిల్టన్ పక్షికిచ్చిన మాటని తెలిసే తీసుకున్నాడు. కానీ తీసుకుని ఎవరికి ఇచ్చాడో చూడండి. మిల్టన్‌లో పాడే పక్షి డార్క్‌లింగ్. కీట్స్‌లో వినే మనిషి డార్క్‌లింగ్. చీకటి పాటగాడి దగ్గర నుంచి శ్రోత దగ్గరికి వచ్చేసింది. పక్షి ఎక్కడో వెన్నెల్లో, ఆకుల పైన ఉంది, దానికి చావు తెలియదు. కింద చీకట్లో కూర్చున్నది తమ్ముణ్ణి పోగొట్టుకున్న కుర్రవాడు. ఇంకో రెండేళ్ళు కూడా గడవకముందే, 1821 ఫిబ్రవరిలో, రోమ్‌లో ఆయనా అదే జబ్బుతో పోయాడు.

ఇది నాకు పుస్తకంలోంచి అర్థం కాలేదు. మా అమ్మమ్మ వల్ల అర్థమైంది. వేసవి సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళితే, ఆవిడ చీకటితోనే లేచేది. కిరసనాయిలు దండగ అని బుడ్డి వెలిగించేది కాదు. స్తంభానికి కట్టిన కవ్వపు తాడు, కింద చల్లకుండ, అన్నీ చేతికి తెలుసు. పడుకున్న నాకు ఆవిడ కనిపించేది కాదు. మజ్జిగ చిలికే చప్పుడు, మధ్యమధ్య గాజుల చప్పుడు, దానితో పాటు సన్నగా ఒక మేలుకొలుపు. వెన్న తేలే వేళకి ఆ చప్పుడు బరువెక్కేది, పాట నెమ్మదించేది. దుప్పట్లోంచి అది వింటూ పడుకునేవాణ్ణి. ఆవిడ చీకట్లో పాడుతోంది, నేను చీకట్లో వింటున్నాను. ఆవిడకి అది పని, నాకు అది సుఖం. ఒకే చీకటిలో ఉన్న ఇద్దరి చీకట్లు ఒకటి కావు. మిల్టన్‌కీ కీట్స్‌కీ మధ్య ఉన్న దూరం అంతే.

చీకటితోనే లేచింది అన్నాను చూశారా? ఆ 'తో'ని గమనించండి. అమ్మతో వెళ్ళాడు, అన్నతో తిన్నాడు, చీకటితో లేచింది. చీకటి తోడు మనిషైపోయింది. ఇంగ్లీషులో డార్క్‌లింగ్ చేసే పనికి మన భాషలో దగ్గరగా వచ్చేది ఇదేనని నాకనిపిస్తుంది. కాకపోతే పూర్తిగా సరిపోదు. చీకటితోనే అంటే మనకి తెల్లవారుజాము. కీట్స్ కూర్చున్నది తెల్లవారబోయే చీకటి కాదు.

పక్షి దగ్గర కూడా మనకొక ఇబ్బంది ఉంది. నైటింగేల్ మన ఊళ్ళలో లేదు. అందుకని కోకిల అని అనువదిస్తాం. హైదరాబాద్‌లో 1879లో పుట్టిన సరోజినీ నాయుడుని ఇంగ్లీషులో భారతదేశపు నైటింగేల్ అన్నారు, తెలుగులో భారత కోకిల అయింది. వినడానికి అందంగా ఉంది, స్థిరపడిపోయింది కూడా. కానీ ఆ పక్షి పేరులోనే నైట్ ఉంది. రాత్రి పాడేది అనే దాని పేరు. కోకిల అనగానే మనకి మామిడి చిగురు, చైత్రం, పట్టపగలు. కీట్స్ గీతాన్ని కోకిల గీతంగా మారిస్తే రాత్రి మాయమవుతుంది. రాత్రి లేకపోతే డార్క్‌లింగ్‌కి చోటు లేదు. అనువాదకులు దయచేసి నైటింగేల్‌ని నైటింగేల్ గానే ఉంచండి. మన పాఠకులు ఆ మాత్రం పేరు పలకగలరు.

బైరన్ గురించి క్లుప్తంగా. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద వల్ల మరుసటి ఏడు యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. ఆ 1816లో జెనీవా సరస్సు పక్కన ఉంటూ బైరన్ 'డార్క్‌నెస్' రాశాడు. సూర్యుడు ఆరిపోయాడు, నక్షత్రాలు డార్క్‌లింగ్ తిరుగుతున్నాయి, దారి లేకుండా. వెలుతురు ఇవ్వవలసినవే చీకట్లో దారి తప్పాయి. ఊహ పెద్దదే. కానీ నాకు లియర్ కొవ్వొత్తి ఆరినప్పటి భయం ఇందులో కలగదు. ఆ గదిలో మనుషులున్నారు.

మాథ్యూ ఆర్నాల్డ్ 'డోవర్ బీచ్' 1867లో అచ్చయింది. చివర్లో తను ప్రేమించిన ఆమెతో అంటాడు: మనం ఇక్కడ ఒక డార్క్‌లింగ్ మైదానం మీద ఉన్నట్టున్నాం, ఏమీ తెలియని సైన్యాలు రాత్రిపూట ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి అని. ఇక్కడ వ్యాకరణం మారిపోయింది. మైదానం ఏ పనీ చేయడం లేదు. ఇది మైదానానికి విశేషణం. ఆ ఇంగ్ తోక పని చేసింది, జనం దాన్ని విశేషణంగా వినడం మొదలుపెట్టారు. ఈ రాత్రి యుద్ధం వెనక ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన చరిత్ర ఉంది. క్రీస్తుపూర్వం 413లో సిరాక్యూస్ దగ్గర ఎపిపొలీ గుట్ట మీద ఏథెన్స్ సైన్యం రాత్రిపూట దాడి చేసింది. వెన్నెల ఉంది కానీ, ఆకారం కనిపిస్తుంది, మనవాడో పరాయివాడో తెలియదు. సంకేతపదం ఏమిటని మాటిమాటికీ అడుక్కోవడంతో అది శత్రువులకీ తెలిసిపోయింది. చివరికి వాళ్ళలో వాళ్ళే నరుక్కున్నారు. ఆర్నాల్డ్ తండ్రి ఆ చరిత్రకి సంపాదకత్వం వహించినవాడు. కొడుకు ఇంట్లో వింటూ పెరిగిన యుద్ధం అది.

జాన్సన్‌లో 'తెలియనితనం', ఆర్నాల్డ్‌లో 'ఏమీ తెలియని సైన్యాలు'. ఈ మాట పక్కన తెలియకపోవడం అనే మాట ఎలా వచ్చి కూర్చుంటోందో చూస్తున్నారా? దీన్ని గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు హార్డీ దగ్గరికి వస్తున్నాం. ఆరోజు నేను తప్పు చెప్పిన పద్యం దగ్గరికి.

'ది డార్క్‌లింగ్ థ్రష్'. 1900 డిసెంబర్ 29న గ్రాఫిక్ అనే పత్రికలో మొదట అచ్చయింది. అప్పుడు దాని పేరు ఇది కాదు, 'శతాబ్దపు మరణశయ్య దగ్గర' అని అర్థం వచ్చే పేరు. పుస్తకంలో వేసేటప్పుడు పేరు మార్చి, కింద 31 డిసెంబర్ 1900 అని తేదీ పెట్టాడు. హార్డీకి అప్పటికి 60 ఏళ్ళు. పాత పేరులో శతాబ్దం ఉంది, చావు ఉంది. కొత్త పేరులో ఒక పిట్ట ఉంది. పేరు మార్చడంతో మన కళ్ళు శవం మీద నుంచి కొమ్మ మీదికి వెళ్ళాయి.

శీతకాలం, పొద్దు వాలుతోంది. కవి ఒక తోట గేటుకి ఆనుకుని నిలబడ్డాడు. ఊరివాళ్ళంతా ఇళ్ళల్లో మంట దగ్గరికి చేరిపోయారు. ఎండిపోయిన తీగలు ఆకాశం మీద తెగిన వీణ తీగల్లా కనిపిస్తున్నాయి. ఆ నేల మొత్తం చచ్చిపోయిన శతాబ్దం పడుకున్నట్టుంది. అప్పుడు తల పైన మోడు కొమ్మల్లోంచి ఒక గొంతు వినిపించింది. థ్రష్ పిట్ట. ముసలిది, బక్కచిక్కినది, చిన్నది, గాలికి ఈకలు చెదిరిపోయి ఉన్నది. అది తన ప్రాణమంతా పెరుగుతున్న చీకటి మీదికి విసిరేస్తున్నట్టు పాడుతోంది.

కీట్స్‌కి పక్షి కనిపించలేదు. హార్డీకి కనిపిస్తోంది, చెదిరిన ఈకలతో సహా. ఇంకా చిమ్మచీకటి పడలేదు, పడబోతోంది. పిట్ట ఆ పడబోయే చీకటిలోకి పాడుతోంది. ఇంత సంతోషానికి చుట్టుపక్కల కారణమేమీ కనిపించలేదు నాకు, అంటాడు కవి. ఆ పాటలో ఏదో ఆశ ఉన్నట్టుంది, అది ఆ పిట్టకి తెలుసు, నాకు తెలియదు అని పద్యం ముగిస్తాడు. తెలియదు అన్నది పద్యంలో ఆఖరి మాట.

పద్యం పేరులో డార్క్‌లింగ్ అన్నది పిట్టని. కానీ ఆఖరి పంక్తికి వచ్చేసరికి చీకట్లో ఉన్నది ఎవరు? ముసలి పిట్టకి ఏదో తెలుసు. తెలియనిది గేటు దగ్గర నిలబడ్డ మనిషికి. నేను ఆరోజు పిల్లలకి 'చీకటి రంగు గల పిట్ట' అని చెప్పినప్పుడు ఈ తిరుగుడంతా వాళ్ళకి అందకుండా చేశాను. రంగు అన్నాక ఇక ప్రశ్నే లేదు. ఆ పిల్లలిప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో. కొందరు టీచర్లయ్యారు, ఆ నోట్సు వాళ్ళ పిల్లల దాకా వెళ్ళిందేమో కూడా. అందుకే పిలిచిన ప్రతిచోటా ఈ మాట గురించి చెబుతున్నాను.

వెనక వరసలో అమ్మాయి ఏదో అడుగుతోంది, చెప్పమ్మా. ఆ మాట ఇప్పుడు పూర్తిగా చచ్చిపోయిందా అంటోంది. మంచి ప్రశ్న. మాటల్లో చచ్చిపోయింది. కానీ జీవశాస్త్రంలో బతికుంది. వెలుతురు తప్పించుకుని తిరిగే ఒక పురుగుల కుటుంబాన్ని ఇంగ్లీషులో డార్క్‌లింగ్ బీటిల్స్ అంటారు. మన గోధుమపిండి డబ్బాలో కనిపించే ఎర్రటి పిండిపురుగు ఆ కుటుంబానిదే. రేపు పిండి జల్లెడ పట్టేటప్పుడు చూడు, మూత తీయగానే అది పిండి లోపలికి, చీకట్లోకి దూరిపోతుంది.

ఇంకొకరు అనువాదం గురించి అడుగుతున్నారు. కీట్స్ పంక్తికి నేను చాలా రకాలు రాసి చూశాను. 'చీకటిలో వింటున్నాను' అంటే అర్థం వచ్చింది కానీ, కరెంటు పోయినప్పుడు ఎవరైనా అనే మాటలా ఉంది. 'అంధకారాన ఆలకిస్తున్నాను' అంటే నాటకం పద్యంలా ఉంది, కీట్స్ గొంతు అంత పెద్దది కాదు. 'చీకటి కప్పుకుని వింటున్నాను' అని చాలాకాలం పెట్టుకున్నాను, కానీ కప్పుకోవడంలో వెచ్చదనం వచ్చేస్తోంది, ఆయన పక్కనే మృత్యువు ఉంది. ఇప్పటికి 'చీకట్లోనే ఉండి వింటున్నాను' దగ్గర ఆగాను. ఆ 'ఉండి'లో కాస్త ఓర్పు ఉంది, కదలకపోవడం ఉంది.

హార్డీ పద్యం పేరు మాత్రం ఇంకా కుదరలేదు. చీకటి పిట్ట కాదు. చీకట్లో పిట్ట కూడా కాదు, చీకటి పూర్తిగా పడలేదు కదా. మునిచీకటి అన్న మాట మనకుంది, పొద్దు వాలాక ముసురుకునే తొలిచీకటి. 'మునిచీకటి పిట్ట' అని నిన్న రాత్రే కాగితం మీద రాసుకున్నాను. వేళ సరిపోయింది. పిట్ట ఆ వేళలో పాడుతోందన్నది ఇంకా రాలేదు. మీలో ఎవరికైనా తడితే బయటికి వెళ్ళేటప్పుడు నాకు చెప్పి వెళ్ళండి, రాసుకుంటాను. నమస్కారం.